పదహైదు ఆంపుల ప్లగ్గు

మాబాషా తెల్లారకముందే లేచేది నమాజుకని వీధి వీధంతా మెచ్చుకుంటుంది. నమాజు చేస్తాడు, కాదనకూడదు. కానీ దానికంటే ముందు చేసే పని ఇంకొకటుంది. చెప్పులు చేతిలో పట్టుకుని, పిల్లిమాదిరి వసారాలోకి పోయి, కారుకు పెట్టిన చార్జింగు స్విచ్చిని టక్కుమనకుండా ఆర్పేసి వస్తాడు. రాత్రి పెళ్ళాం వేసిన స్విచ్చి అది. తెల్లారుజామునే కరెంటు ఎక్కేటట్టు కార్లో టైము పెట్టింది ఆయనే కాబట్టి, రాత్రంతా ఎక్కేది ఏమీ ఉండదు. పొద్దున మళ్ళీ ఆమె లేచేసరికి ఏమీ ఎరగనట్టు టీ తాగుతుంటాడు.

నంద్యాల గాంధీచౌకు దగ్గర పరుపుల అంగడి ఆయనది. వయసు యాభై నాలుగు. పాత పెట్రోలు కారు ఇచ్చేసి, కరెంటు కారు తెచ్చుకుని ఏడు నెలలయింది.

పెట్రోలు కారుతో వచ్చిన తంటా ఏమంటే, అది సాకులకు పనికిరాదు. "పెట్రోలు లేదు మే" అంటే, "వీధి చివర బంకుండాది, ఐదు నిమిషాలు" అంటుంది సర్దార్‌బీ. కరెంటు కారు అట్ల కాదు. "చార్జింగు లేదు" అన్నామంటే ఏడు గంటలు ఎవరూ నోరెత్తేదానికి లేదు. మొగుళ్ళ కష్టం చూడలేక ఎవరో పుణ్యాత్ముడు కనిపెట్టిన బండి అనుకున్నాడు మాబాషా.

ఇంతా చేసి ఆ సాకు ఒకే ఒక్క ఊరి కోసం. ఆళ్ళగడ్డ. నలభై కిలోమీటర్లు. అక్కడ ఆయన సొంత అన్న మౌలాలి ఉన్నాడు. ఇద్దరికీ పదకొండేండ్లుగా మాటల్లేవు.

ఆస్తి తగాదా అనుకునేరు, కాదు. వాళ్ళ నాయన కాలం నుంచీ ఇంట్లో దూది ఏకి పరుపులు కుట్టేదే పని. మౌలాలి దాన్నే పట్టుకుని ఆళ్ళగడ్డలో మిషను పెట్టుకున్నాడు. మాబాషా నంద్యాలకు వచ్చి, రెడీమేడు ఫోము పరుపుల అంగడి తెరిచాడు. తెరిచిన పొద్దు, ఊరి పెద్దలందరి ముందర, అన్న వచ్చి ఒక పరుపును బొటనవేలితో నొక్కి చూసి, "ఇది పరుపు గాదురా. గిన్నెలు తోముకునే స్పాంజి" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ సాయంత్రానికల్లా మాబాషా పేరు 'స్పాంజి బాషా' అయిపోయింది. ఇప్పటికీ కొరియరు వాళ్ళు ఆ పేరు చెప్తేనే అంగడి దొరుకుతుంది.

గురువారం పొద్దున వదిన ఖాసింబీ ఫోను చేసింది. మాబాషాకు కాదు, సర్దార్‌బీకి.

"బావకు గొంతులో గడ్డ తెలుసు గదా," అంది సర్దార్‌బీ ఫోను పెట్టేసి. "సోమవారం కర్నూల్లో ఆపరేషనంట. ప్రాణానికేం భయం లేదన్నారంట. మాట పెట్టె తీసేస్తారంట. మాట మాత్రం ఇంగ రాదు."

మాబాషా టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాటల్లేవు, మాటల్లేవు అని పదకొండేండ్లుగా చాటింపు ఏస్తాంటివే? సోమవారం నుంచి నిజంగానే ఉండవు. లే, పోదాం పా."

లేద్దామనే అనుకున్నాడు మాబాషా. కానీ నోటికి అలవాటైన మాటే ముందొచ్చింది. "చార్జింగు లేదు మే."

"ఎంతుండాది?"

"పద్నాలుగు."

"రాత్రంతా పెట్టింటి గదయ్యా!"

"ఓల్టేజీ తక్కువ."

సర్దార్‌బీ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "కరెంటులోనా, మనిషిలోనా?" అని వంటింట్లోకి పోయింది.

నిజం చెప్పాలంటే, కోపం ఎప్పుడో అరిగిపోయింది. మిగిలింది సిగ్గు. అన్నకు గడ్డ అని తెలిసి ఆర్నెల్లయింది. అప్పుడే పోయుంటే సరిపోయేది. పోలేదు. ఇప్పుడు పోయి ఏ మొహం చూపించాల, ఏమని పలకరించాల? ఆ పొద్దంతా అంగట్లో పరుపుల మధ్య కూర్చుని ఇదే ఆలోచించాడు. శుక్రవారం తెల్లవారి కూడా లేచి స్విచ్చి ఆర్పాడు. ఆర్పి, అక్కడే గోడకు ఆనుకుని కాసేపు నిలబడిపోయాడు.

శుక్రవారం సాయంత్రం సర్దార్‌బీ మాట మార్చింది. "ఆళ్ళగడ్డ వద్దులే. శిరివెళ్ళలో మా అక్కకూతురు ఆర్షియాకు కాన్పయింది గదా, రేపు బిడ్డనన్నా చూసొద్దాం."

మాబాషా ప్రాణం లేచొచ్చింది. వెంటనే లెక్క వేశాడు. శిరివెళ్ళ ఆళ్ళగడ్డ దారిలోనే ఉంది. పోనూ రానూ యాభై కిలోమీటర్లు. నిండుగా చార్జింగు పెడితే, ఆడికి పోయినాక "ఇంత దూరమొచ్చినాం, ఇంకొంచెమే గదా" అంటుంది. అందుకని ముప్పై ఐదు పర్సెంటు ఎక్కగానే స్విచ్చి ఆర్పేశాడు. శిరివెళ్ళకు చాలు, ఆళ్ళగడ్డకు చాలదు. తన తెలివికి తానే మురిసిపోయి, ఆ రాత్రి రెండు రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

శనివారం ఎండ సంగతి చెప్పే పని లేదు. మే నెల, నంద్యాల జిల్లా. శిరివెళ్ళలో దిగేసరికి ఇరవై రెండు పర్సెంటు ఉంది. కరెంటు మాత్రం లేదు. లైను పని జరుగుతోందంట, సాయంత్రం దాకా రాదంట.

"అయ్యో, పసిబిడ్డ ఉడికిపోతాండాదే!" అంది సర్దార్‌బీ. "తాళాలియ్యి. కార్లో ఏసీ ఏసుకోని కూచుంటాం."

పసిబిడ్డ అన్నాక ఏ మగాడు కాదంటాడు? ఇచ్చాడు. బిడ్డ, బాలింత, సర్దార్‌బీ, తర్వాత పక్కింటోళ్ళ అవ్వ, ఆమె వెనకాల ఇంకొక అవ్వ. కారు చలివేంద్రం అయిపోయింది. మాబాషా వేపచెట్టు కింద విసనకర్రతో మూడు గంటలు కూర్చున్నాడు.

కార్లోకి ఎక్కి చూసుకుంటే, తొమ్మిది.

"తొమ్మిదేందే? ఇంటికి పోవాలంటే పదమూడన్నా కావాల!"

"ఫుల్లుగా పెట్టుంటే పోయేటోళ్ళం," అంది సర్దార్‌బీ నెమ్మదిగా. "ఓల్టేజీ తక్కువైపాయ గదా, ఏం జేస్తాం."

 ఫోను తీసి చూస్తే, ఆరు కిలోమీటర్ల దూరంలో హోటలు దగ్గర చార్జింగు పాయింటు ఒకటి కనిపించింది. ఆళ్ళగడ్డ వైపే. వేరే దారి లేక అటే తిప్పాడు.

పాయింటు ఉండడానికి ఉంది. దాని మీద గోనెసంచి కప్పి, తాడుతో కట్టి ఉంది. పైన కోడి ఒకటి కూర్చుంది.

"లైను ఇంకా ఇయ్యలేదన్నా," అన్నాడు హోటలాయన రంగయ్య. "నిరుడు పెట్టిపోయినారు. మళ్ళ రాలేదు."

రోడ్డుకు అవతల పెట్రోలు బంకు. ఒక జీపు వచ్చింది, పోయించుకుంది, పోయింది. వెనకే ఒక మోటారు సైకిలు, బాటిలుతో ఒక ముసలాయన. ఎవరికీ ఐదు నిమిషాలు మించలేదు. మాబాషా వాళ్ళని చూస్తుంటే, పెండ్లిలో బంతి అయిపోయినాక వచ్చిన మనిషిలాగుంది ఆయన మొహం.

"ఏం జేద్దాం మే?"

"పదహైదు ఆంపుల లావు ప్లగ్గు కావాల, అంతేగదా? ఈ సుట్టుపక్కల అట్లాంటి ప్లగ్గు యాడుందో నాకు తెలుసు."

మాబాషాకూ తెలుసు. దూది ఏకే మిషనుకు ఆ ప్లగ్గే ఉండాల. అది బిగించిన పొద్దు టార్చి లైటు పట్టుకుని అన్న పక్కన నిలబడింది ఆయనే.

ఆళ్ళగడ్డ ఊర్లోకి వచ్చేసరికి కారు తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. చార్జింగు అయిపోవస్తే ఆ బొమ్మ వస్తుంది, బండి నడక కూడా దాని మాదిరే అవుతుంది. సైకిళ్ళు దాటిపోతున్నాయి. అన్న ఇంటి ముందరికి వచ్చి ఆగింది. ఒక్క పర్సెంటు.

ఖాసింబీ వదిన గడపలో నిలబడి ఉంది. ఆశ్చర్యపోనూలేదు, ఏమొచ్చినారని అడగనూలేదు. మిషను గదిలోనుంచి లావు వైరు ఒకటి వసారా మీదుగా వీధి దాకా పరిచి ఉంది. మాబాషా ఆ వైరును చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. పెళ్ళాం ఆకాశాన్ని చూసింది. కారును ఆ వైరుకు తగిలించి లోపలికి నడిచాడు.

లోపల మంచం మీద మౌలాలి. మెడకు తుండుగుడ్డ చుట్టుకున్నాడు. పదకొండేండ్ల కిందటి మనిషిలో సగం కూడా లేడు. మాబాషా అన్న కండ్లలోకి చూడలేకపోయాడు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, నేలమీద దూది పీచు చూస్తూ ఉండిపోయాడు. పావుగంట గడిచింది. 

మౌలాలి గొంతు సవరించుకున్నాడు. రంపం గీసినట్టుంది ఆ చప్పుడు.

"ఏమ్రా, స్పాంజీ."

పదకొండేండ్లు ఏ మాట కోసం ఒళ్ళు మండిందో, అదే మాట. మాబాషా నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "స్పాంజి గాదన్నా, ఫోము," అన్నాడు కండ్లు తుడుచుకుంటూ.

"దాని మీద నువ్వు పండుకుంటాండావా?"

మాబాషా తల వంచుకున్నాడు. "లేదు."

"మరి?"

"నా పెండ్లికి నువ్వు కుట్టిచ్చిందే. రెండు సార్లు ఏకించినా."

మౌలాలి నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఖాసింబీ పరిగెత్తుకొచ్చింది. "మాట్లాడొద్దన్నారు గదా డాక్టరు!"

"సోమవారం దాంక దాచిపెట్టి ఏం జేసుకుంటానే?" అన్నాడు మౌలాలి. ఆ మాటకు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మౌలాలి వీధి వైపు గడ్డం ఎత్తాడు. "ఆ బండి ఎంతసేపు ఉండాల?"

"ఇంటికి చేరేంత ఎక్కాలంటే రెండు గంటలన్నా. నిండాలంటే ఏడు."

"పెట్రోలైతే?"

"ఐదు నిమిషాలు."

మౌలాలి కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిదే కొన్నావు లే," అన్నాడు.

తర్వాత మాటకు మాట, ఆగి ఆగి, తిట్లు మొదలుపెట్టాడు. గడ్డ అని తెలిసినా రానందుకు, నాయన వర్ధంతికి మొహం చాటేసినందుకు, దూది వదిలేసినందుకు. మాబాషా ప్రతిదానికీ "తప్పేన్నా" అంటూ పోయాడు. రెండింటికి మొదలైతే, ఐదయింది.

ఐదింటికి చార్జింగు చూద్దామని బయటికి వచ్చాడు. తెర మీద ఒకటి. మూడు గంటల కిందటా ఒకటే, ఇప్పుడూ ఒకటే. వైరు పట్టుకుని మిషను గదిలోకి పోయాడు. ఆర్నెల్లుగా నడవని మిషను మీద దుప్పటి కప్పి ఉంది. దాని పక్కన గోడకు ఆ ప్లగ్గు.

స్విచ్చి ఆర్పి ఉంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో సర్దార్‌బీ, చేటలో బియ్యంతో.

"ఎవురు ఆపింది మే?"

"మనింట్లో తెల్లారిజామున ఆపేటోళ్ళు ఎవురో, ఈడికీ వచ్చినట్టుండారు," అంది ఆమె బియ్యంలో రాయి ఏరి పడేస్తూ. "రోజూ చూస్తాండాలే. టక్కుమనకుండా ఆపేది నీ దగ్గరే నేర్చుకున్యా."

మాబాషాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు లెక్కలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. "శిరివెళ్ళలో కరెంటు కూడా..."

"శనివారం లైను పని అని ఆర్షియా మొన్ననే చెప్పింది."

ఆయన వేలు స్విచ్చి మీద పెట్టాడు. నొక్కబోయేంతలో లోపలి నుంచి ఆ రంపపు గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఎంతెక్కిందిరా?"

సోమవారం తర్వాత ఆ గొంతు ఉండదు. మాబాషా వేలు తీసేశాడు.

"ఒకటేన్నా! శానా నిదానంగా ఎక్కుతాండాది."

"ఎక్కనీ. ఈడికొచ్చి కూచో. తిట్టేది ఇంకా అయిపోలేదు."

"వస్తాండా," అని పోయి, దూది పరుపు మీద అన్న పక్కనే కూర్చున్నాడు.