ఎర్రమచ్చలకు దయ్యం వైద్యం

బుధవారం పొద్దున మెహజబీన్ అనుకున్నది చాలా చిన్న సంగతి. పదింటికల్లా పుస్తకాలు కుట్టేయాలి, పదకొండింటికి కూర వండాలి, పన్నెండింటికి మూడేళ్ళ కూతురు హఫ్సాకి అన్నం పెట్టాలి. తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్ళుగా బైండింగు షాపు నడుపుతున్న మామగారు హిదాయతుల్లా కంటి ఆపరేషన్ చేయించుకుని, పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్నారు. భర్త తన్వీర్ రైసుమిల్లు డ్యూటీకి పోయాడు. షాపు మొదటిసారి ఆమె చేతికొచ్చింది.

"ఈ రెండు పనులూ సక్రమంగా అప్పజెప్పావంటే, ఆ ముందు కుర్చీ ఇక నీదేనమ్మా. తేడా వచ్చిందంటే కటింగ్ మిషను అమ్మేసి ఇంట్లో కూర్చుంటాను" అన్నారు మామగారు.

"ఏడో తరగతి కూడా గట్టెక్కనిదానికి కుర్చీ ఒకటి!" అంది అత్తగారు కమరున్నీసా, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

మొదటి పని అద్దెపుస్తకాల షాపు వెంకట్రాజుగారిది. దసరా సెలవులు వస్తే గూడెంలో ఇంటర్ పిల్లలంతా దయ్యాల నవలల మీద పడతారు. చేతులు మారీ మారీ ఊడిపోయిన 'నాలుగో మెట్టు మీద ఎవరు?' అనే నవలకి కొత్త కుట్టు వేయాలి. రెండోది కొల్లేటికోట చేపల రైతుల సంఘం వాళ్ళది. చేపల రోగాల మీద నలభై చిన్న పుస్తకాలు, ఒక్కొక్కదానికి మూడు ఫారాలు. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది, అదీ ఫారమంటే. నవలా, చేపల పుస్తకమూ ఒకే సైజు, ఒకే రకం చవక కాగితం.

మెహజబీన్‌కి ఒక బలహీనత ఉంది. కుట్టే ముందు చదువుతుంది. పెళ్ళయిన అయిదేళ్ళలో నూరు నవలలైనా చదివి ఉంటుంది కానీ ఒక్కటీ మొదటినుంచి చివరిదాకా చదవలేదు. ఏ ఫారం చేతికొస్తే అది చదువుతుంది. అందుకని ఆమెకి సగం హంతకులు హత్య చేయకముందే తెలుసు, సగం దయ్యాలు ఎందుకు చచ్చాయో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నవల చివరి ఫారం దొరికింది. పాడుబడ్డ బంగళా, దాని పెరట్లో చెరువు, నీళ్ళలో ఏదో ఉంది. పదో తరగతి చదివే సంధ్య ఒంటరిగా నాలుగో మెట్టు దాకా దిగింది. మెట్టు మీద తెల్లగా...

"అమ్మీ!" అని హఫ్సా కెవ్వుమంది.

మెహజబీన్ చేతిలో ఫారం ఏ కట్ట మీద పడేసిందో చూసుకోకుండా పరుగెత్తింది. పిల్ల స్టూలు మీంచి జారి పడింది. ముక్కు కాస్త కందింది, అంతే. అయినా మెహజబీన్ పిల్ల వేళ్ళు పదీ రెండుసార్లు లెక్కపెట్టింది, కళ్ళు తెరిచి చూసింది, "అమ్మ పేరేంటి చెప్పు?" అని అడిగింది.

"దానికి బాగానే ఉంది. నిన్నే చూపించాలి డాక్టరుకి" అంది కమరున్నీసా.

ఆ గాభరాలోనే కుట్టు పని పూర్తయింది. నలభై చేపల పుస్తకాలూ సరిపోయాయి. ఒక్క ఫారం మిగిలింది. నవల చివరిది అదే కదా అని కుట్టేసింది. ఏదీ మిగల్లేదు, ఏదీ తగ్గలేదు. గురువారం రెండు పనులూ అప్పజెప్పేసింది. మామగారు పచ్చగుడ్డ కిందనుంచే నవ్వారు.

శనివారం పొద్దున పక్కవీధి తేజశ్రీ నవల పట్టుకుని వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, దయ్యాల నవలలంటే ప్రాణం పెట్టే పిల్ల.

"అక్కా, ఇది మీరేనా కుట్టింది? ఇక్కడ చూడండి. సంధ్యకి మంత్రగాడు చెప్తున్నాడు. 'అమ్మాయ్, ఆలస్యం చేయకుండా' అన్నాడు. పేజీ తిప్పాను. ఏదో సున్నం అన్నాడు, సరే. ఆ తర్వాత వినండి. 'కోలుకున్నాక దానికి తవుడు, వేరుశెనగ చెక్క కలిపి రెండు పూటలా పెట్టాలి. కిలోన్నర బరువు రాగానే పట్టి, ఐసులో వేసి, కలకత్తా లారీ ఎక్కించాలి.' దయ్యాన్ని కలకత్తా పంపించేశారేంటక్కా?"

మెహజబీన్ పుస్తకం లాక్కుని ఆ పేజీ చూసింది. చేపలు ఇక్కడికొస్తే, దయ్యం ఎక్కడికెళ్ళినట్టు?

పక్క కిరాణా కొట్టు ముందున్న రూపాయి ఫోను దగ్గరికి పరుగెత్తింది. సంఘం ప్రెసిడెంటు నరసింహరాజుగారి ఇంటి నంబరు షాపు ఆర్డరు పుస్తకంలో ఉంది. వాళ్ళింట్లో పనిచేసే పైడమ్మ ఎత్తింది.

"రాజుగారు లేరండి. చెరువుల కాడ ఉన్నారు. నిన్న మీటింగులో కొత్త పుస్తకం పైకి చదివారండి. చేపకి ఎర్రమచ్చలు కనిపిస్తే ఆ నీళ్ళ చుట్టూ సున్నం చల్లాలంట. మూడు రోజులు మెతుకు వెయ్యకూడదంట, ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదంట. ఆకలికి తాళలేక అదే పైకొస్తుందంటండి!"

"ఏది పైకొస్తుంది పిన్నీ?"

"చేపేనండి. ఇంకేటుంటది చెరువులో?"

రూపాయి అయిపోయింది. ఇంకో రూపాయి వేసే ధైర్యం ఆమెకి లేదు. చేప దానంతటదే పైకి రావడమంటే చచ్చి తేలడమే. ఊరంతా చెరువులు, చెరువుల నిండా తెల్లటి పొట్టలు ఆమె కళ్ళకి కట్టాయి. ఇంటికొచ్చి మామగారి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది.

ఆయన కంటి మీది పచ్చగుడ్డ సర్దుకున్నారు.

"పుస్తకం తప్పు కుడితే విప్పి కుట్టొచ్చు. చెరువుని విప్పి కుట్టలేం కదమ్మా" అన్నారు.

తన్వీర్ ఆ సాయంత్రమంతా ఫోను తిప్పాడు. ఎప్పుడు చేసినా రాజుగారు చెరువు గట్టునే ఉన్నారు. ఆదివారం, సోమవారం మెహజబీన్‌కి ముద్ద దిగలేదు. రోడ్డు మీద ఐసు బండి వెళ్ళినా అదిరిపడింది. కటింగ్ మిషనుకి ఎవరైనా బేరానికొస్తారేమో కనుక్కోమని మామగారు కొడుకుతో చెప్పడం విని, ఆ మిషను మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

మంగళవారం పదింటికి గుమ్మం ముందు జీపు ఆగింది. నరసింహరాజుగారు దిగారు. చేతిలో తాడుకి కట్టిన రెండు బొచ్చె చేపలు వేలాడుతున్నాయి. చచ్చిన చేపల్ని సాక్ష్యానికి తెచ్చారనుకుని మెహజబీన్ తలుపు వెనక్కి జరిగింది.

"ఈ పుస్తకం కుట్టింది ఎవరండీ?"

"నేనేనండి. తప్పయిపోయిందండి. అది చేపల సంగతి కాదండి. దయ్యాన్ని బయటికి రప్పించడానికి మంత్రగాడు చెప్పిన మాటండి."

రాజుగారు చేపల తాడు రెండో చేతికి మార్చుకున్నారు. "అలాగా? అయితే మా చెరువులో ఉన్నది కూడా అదేనేమోనమ్మా. మచ్చలన్నీ తగ్గిపోయాయి!"

"తగ్గాయా అండీ?"

"ఆయ్. సున్నం చల్లండి, మూడు రోజులు మేత ఆపండి అని ఆఫీసర్లు ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నారు. మిగతా ముప్పైతొమ్మిది పుస్తకాల్లోనూ అదే రాసుంది. ఒక్కడు వింటేనా? ఎవడికి వాడు రాత్రి చాటుగా తవుడు వేసొచ్చేవాడు. ఈసారి 'అదే పైకొస్తుంది' అని చదివేసరికి, మొగాళ్ళు కూడా చీకటి పడ్డాక గట్టెక్కలేదు. అందుకని తల్లీ, ఆ పేజీలు మిగతా ముప్పైతొమ్మిదింటికీ కూడా కుట్టి పెట్టాలి."

కమరున్నీసా బియ్యం చాట పక్కన పెట్టి లేచింది. "కుర్చీ దుమ్ము పట్టింది, తుడిచి కూర్చో" అంది కోడలితో, చేపలు అందుకుంటూ.

అప్పుడు మెహజబీన్ వారం రోజులుగా ఆపుకున్న ప్రశ్న బయటికొచ్చింది. "ఏవండీ, నాలుగో మెట్టు మీద ఎవరండీ?"

"అది నేను చెప్తే ఏం బాగుంటుందమ్మా? పైడమ్మనడుగు, రెండుసార్లు చదివించుకుంది" అని రాజుగారు జీపెక్కారు.

హిదాయతుల్లాగారు మాట నిలబెట్టుకున్నారు. షాపులో ముందు కుర్చీ ఇప్పుడు మెహజబీన్‌దే. షరతు ఒక్కటే: ఏ పుస్తకమైనా, పూర్తిగా చదివాకే విప్పాలి.