లెనానా దారిలో అత్తగారు

ఆ బుధవారం ఉదయం ముతెంబెయి వేసుకున్న పథకంలో ఎక్కడా వంకర లేదు. ఆరింటికి టీ తాగాలి. ఏడింటికి గుడారాలు, దుప్పట్లు మూటలు కట్టాలి. పదింటికల్లా అడవి గేటు దగ్గర ఐదుగురు ఆడవాళ్ళను కలుసుకుని, శనివారానికి వాళ్ళ చేత మంచుకొండ మీది లెనానా శిఖరం ఎక్కించి, అన్ని కాళ్ళూ అన్ని చేతులతో కిందికి దింపాలి. కొండ దిగువ చొగోరియాలో పన్నెండేళ్ళుగా గైడుగా అతను చేస్తున్న పని అదే.

"మా అమ్మ కూడా ఇవాళే ఎంబు వెళ్తోందట. నాలుగు రోజుల ప్రార్థన కూటం," అంది భార్య కన్యువా, ఉడికిన చామదుంపలు అతని ముందు పెడుతూ.

"ఎంబు దారి మా గేటు మీదుగా పోదు కదా?"

"పోదులే. నీకు ఎదురుపడదు, హాయిగా తిను."

ముతెంబెయి హాయిగానే తిన్నాడు. అత్తకూ అల్లుడికీ అక్కడ పెద్ద మర్యాద. ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, ఒక కప్పు కింద పడుకోకూడదు, చెయ్యి చెయ్యి తగలకూడదు. దారిలో అత్త ఎదురైతే అల్లుడు పొదలో దూరాల్సిందే, పొదలో ఏముందన్నది తర్వాతి సంగతి. ఆ మర్యాదకు తోడు ముతెంబెయికి సొంత భయం ఇంకొకటి ఉంది. పెళ్ళికి ముందు అత్తగారు చియంబాక, "కొండెక్కేవాడికి పిల్లనివ్వను. ఆ కొండ మా ఆయన కాలివేళ్ళు రెండు తినేసింది," అని తెగేసి చెప్పింది. అందుకని కన్యువా, పెళ్ళికొడుకు అడవి ఆఫీసులో గుమాస్తా అని చెప్పేసింది. మూడేళ్ళుగా అత్తగారింట్లో అతను గుమాస్తాగానే బతుకుతున్నాడు.

పదింటికి గేటు దగ్గర జీపు ఆగింది. ముందుగా జెరూషా దిగింది. ఆవిడ ముథంబి తేయాకు రైతు మహిళల సంఘానికి అధ్యక్షురాలు, చర్చి పాటల బృందానికి నాయకురాలు. రెండు పదవులకూ సరిపోయే గొంతు ఆవిడది.

"ఐదుగురం వచ్చాం! నర్సమ్మకి జ్వరమొస్తే ఆఖరి నిమిషంలో మా చియంబాక బయల్దేరింది. ఇంట్లో ప్రార్థన కూటమని చెప్పొచ్చిందిలే, మీరెవరూ బయటపెట్టకండి!"

నల్ల గొడుగు, రబ్బరు బూట్లు, తల మీంచి కప్పుకున్న లేసో గుడ్డ జీపులోంచి ఒకదాని వెనక ఒకటి దిగాయి. ముతెంబెయి జీపు వెనక చక్రం పక్కన కూలబడ్డాడు.

వంటవాడు మిచెని వంగి చూశాడు. యాభై ఏళ్ళవాడు, గరిటె ఎంత తిప్పుతాడో నాలుకా అంతే తిప్పుతాడు. "ఏం పారేసుకున్నావు తమ్ముడూ?"

"నా కాపురం. ఆవిడ మా అత్త!"

"నీ మొహం ఎరుగునా?"

"ఎలా ఎరుగుతుంది? వాళ్ళింటికి పోయినప్పుడల్లా తల ఎత్తితే ఒట్టు. కానీ తడిక అవతల్నించి నా గొంతు విన్నది."

"అయితే తిరిగిపో."

"లైసెన్సు ఉన్నది నాకొక్కడికే. నేను పోతే గేటు దాటనివ్వరు."

"ఓస్, ఇంతేనా!" అంటూ మిచెని తన మంకీ క్యాపు తీసి అతని తలకు తొడిగి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ ముందుకు లాక్కుపోయాడు. "అమ్మా, మా పెద్ద గైడు గిటొంగా. బంగారం లాంటి మనిషి. కాకపోతే మాట్లాడడు."

"మాట్లాడడా, మాట్లాడలేడా?" అంది జెరూషా.

మిచెనికి చిన్న అబద్ధం చెప్పి ఆగే అలవాటు లేదు. "లేడమ్మా. పుట్టుమూగ."

"అయ్యో తండ్రీ!" అని నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే నిట్టూర్చారు. ఐదో ఆవిడ గొడుగు తెరిచింది.

వెదురు అడవిలో మొదటి చిక్కు వచ్చింది. దారి పక్కన అడవిదున్నలు తిరుగుతున్న జాడలున్నాయి. దారి తప్పకండని చెప్పడానికి ముతెంబెయి రెండు వేళ్ళు తల మీద కొమ్ముల్లా పెట్టి, కళ్ళద్దాల వెనక కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇంట్లో ఆవులున్నాయంటున్నాడు," అని జెరూషా మిగతావాళ్ళకు వివరించింది. "రెండు."

"పాలిస్తాయా నాయనా?" అని ఒకావిడ ప్రేమగా అడిగింది. ముతెంబెయి తల అడ్డంగా ఊపాడు.

"వట్టిపోయాయట పాపం!"

ఆ రాత్రికి అందరికీ ఒకే బస. అత్తగారున్న కప్పు కింద పడుకోకూడదు గనక ముతెంబెయి వర్షంలో, సామాను తెచ్చిన జీపులో ముడుచుకుని పడుకున్నాడు. తెల్లవారి ఆ సంగతి తెలిసి జెరూషాకు కళ్ళు చెమర్చాయి. "ఆడవాళ్ళున్నారని బయట పడుకున్నాడే! ఇంత మంచివాడికి దేవుడు నోరివ్వకపోవడం ఏం న్యాయం?"

గురువారం ఎల్లిస్ చెరువు దగ్గరికి చేరేసరికి ఎత్తు తెలియసాగింది. తలనొప్పి ఎవరికైనా ఉందా అని అడగడానికి ముతెంబెయి తన తల మీద రెండుసార్లు తట్టి, వాళ్ళ వైపు చూపించి, చెయ్యి ఆడించాడు.

"మన తలలో ఏమీ లేదంటున్నాడు," అంది ఒకావిడ కోపంగా.

"లేదు లేదు, తన తల మీద చేతులుంచి ప్రార్థన చెయ్యమంటున్నాడు!" అంది జెరూషా. "నేనూ అదే అనుకుంటున్నాను పొద్దుటినుంచీ. కూర్చో నాయనా."

ముతెంబెయి మిచెని వైపు దీనంగా చూశాడు. మిచెని శ్రద్ధగా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. జెరూషా అతన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టి, మంకీ క్యాపు ఊడబెరికి, నెత్తి మీద చెయ్యి వేసింది. ముగ్గురు ఆడవాళ్ళు ఆ చెయ్యి మీద చేతులు వేశారు. తల వంచుకున్న ముతెంబెయికి వాళ్ళ బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. రబ్బరు బూట్లు కూడా రెండడుగులు ముందుకు వచ్చాయి. అక్కడ ఆగాయి. మళ్ళీ నెమ్మదిగా నాలుగడుగులు వెనక్కి వెళ్ళాయి. 'హమ్మయ్య, అలిసిపోయినట్టుంది,' అనుకున్నాడు.

ప్రార్థన అరగంట సాగింది. చలిగాలికి ముతెంబెయి గట్టిగా తుమ్మాడు.

"శబ్దం వచ్చింది!" అని జెరూషా చప్పట్లు కొట్టింది. "పని మొదలైంది!"

ఇక ఆ క్షణం నుంచి అతనికి శాంతి లేదు. లోయ అంచున జలపాతం ఉరుముతుంటే దాని వంక ఎవరూ చూడరు, అతని నోటి వంకే చూస్తారు. దగ్గితే వస్తారు. ఆవులిస్తే పరిగెత్తుకొస్తారు. "'ఆ' అను నాయనా, 'ఆ' అంటే చాలు!" అని మనిషెత్తు లొబీలియా మొక్కల మధ్య వెంటపడి బతిమాలతారు. చియంబాక ఒక్కతే ఏమీ అడగలేదు. గొడుగు ఊతంగా, లేసో ముఖం మీదికి లాక్కుని, అందరికీ వెనక నడిచేది. ఇరుకైన చోట మిగతావాళ్ళు అతని చెయ్యి పట్టుకుని దాటితే, ఆవిడ తల పక్కకు తిప్పుకుని గొడుగు చాచేది. అతను తల ఇంకోపక్కకు తిప్పుకుని గొడుగు కొస పట్టి లాగేవాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఒక్కసారి కూడా అమ్మో అనలేదు. ముతెంబెయికి భయం ఉన్న చోటే కొంచెం గర్వం కూడా పుట్టింది.

చీకట్లో బయల్దేరడానికి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు గనక శనివారం తెల్లవారాకే శిఖరం వైపు నడిచారు. పైన నిట్టనిలువు రాళ్ళవాలు. రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. సగం ఎక్కేసరికి వెనకనుంచి గలగలమని చప్పుడైంది. ముతెంబెయి తిరిగి చూశాడు. చియంబాక కింద రాళ్ళు కదిలి, ఆవిడను లోయ వైపు మెల్లగా లాక్కుపోతున్నాయి. గొడుగు అప్పుడే చేతిలోంచి పోయింది. ఆవిడ లేవడానికి కాళ్ళు ఆడిస్తోంది. ఆడించినకొద్దీ జారుతోంది.

"అత్తా! కదలకండి! బోర్లా పడుకోండి! వచ్చేస్తున్నా అత్తా!"

కేక ఎదురుకొండకు తగిలి "అత్తా... త్తా..." అని తిరిగొచ్చింది. అప్పటికే ముతెంబెయి జారుతూ పోయి, చేతికర్ర ఆవిడకందించి, మడమలు రాళ్ళలో దిగేసి పైకి లాగేశాడు. పెద్ద బండ పక్కన నిలబెట్టాక గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు.

"స్తోత్రం! మాట్లాడాడు!" అని జెరూషా రాళ్ళ మీదే మోకరిల్లింది.

"మాట్లాడాడు సరే," అంది ఒకావిడ, "పుట్టుమూగవాడు మొదటిసారి నోరు తెరిస్తే 'అమ్మా' అనాలి గానీ 'అత్తా' అంటాడేమిటే?"

"పెద్దావిడని మర్యాదగా పిలిచాడు. నోరిచ్చినవాడే మర్యాదా ఇచ్చాడు, అందులో నీకేం నష్టం?"

ముతెంబెయి గబుక్కున నోరు మూసుకున్నాడు. గట్టు దాటిన వాగును చెయ్యడ్డం పెట్టి ఆపినట్టుంది అతని పని. చియంబాక ముఖం పక్కకు తిప్పుకుంది. లేసో సవరించుకుని పైకి నడిచింది.

శిఖరం మీద మిగతావాళ్ళు పాట అందుకున్నారు. చియంబాక ఒక పక్కకు వెళ్ళి నిలబడింది. "మా ఆయన వేళ్ళు పోయింది ఇక్కడేనా?" అని మిచెనిని అడిగింది.

"ఇంకాస్త కిందమ్మా. ఆ మంచు కనిపిస్తోందే, అటువైపు."

ఆవిడ మంచును చూసింది. మబ్బులను చూసింది. మబ్బు విడిపోయిన చోట, చాలా దూరాన, ఆవాలంతగా, ఆకుపచ్చగా కనిపిస్తున్న తేయాకు తోటలను చూసింది. "కాలు బాగయ్యాక మళ్ళీ పోయాడు. ఎందుకయ్యా అంటే నవ్వేవాడు," అంది. మళ్ళీ మంచు వంక చూసి, "ఇది చూశాక పోకుండా ఎలా ఉంటాడు మరి," అంది.

బండ చాటున నిలబడ్డ ముతెంబెయి ఆ మాట విన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అతనికి నిజంగానే మాట రాలేదు.

ఈలోగా జెరూషా ఫోనుకు సిగ్నలు దొరికింది. శిఖరం మీద ఆవిడ పాస్టరుగారికి చెప్పింది మూగవాడు మాట్లాడాడనే. రాత్రి మకాం వేసిన మింటోస్ గుడారాల దగ్గరికి దిగేసరికి కింద ఊళ్ళో అది మూగవాడూ చెవిటివాడూ అయింది. అడవి గేటు చేరేసరికి ఎవరో ఫోను చేసి, "ఆ గుడ్డివాడికి దారి కనిపిస్తోందా?" అని అడిగారు. ఆదివారం ఉదయం కృతజ్ఞతా కూడికకు పందిరి వేశారు. పారిపోదామని ముతెంబెయి రెండుసార్లు జీపు దిగాడు. రెండుసార్లూ జెరూషా చెయ్యి పట్టి ఎక్కించింది.

ముథంబి చర్చిలో అతన్ని వేదిక మీద కూర్చోబెట్టి, మెడలో రంగు కాగితాల దండ వేసి, క్యాపు, కళ్ళద్దాలు తీసేశారు. కిందికి చూస్తే రెండో బెంచీలో కన్యువా! అద్భుతం చూద్దువుగాని రమ్మని తల్లి పొద్దున్నే ఫోను చేసిందట.

"ముప్ఫై అయిదేళ్ళు ఒక్క మాట మాట్లాడని మనిషి ఇతడు!" అన్నారు పాస్టరుగారు.

కన్యువా లేచి నిలబడింది. "అయ్యగారూ, ఎవరండీ మాట్లాడనిది? ఈయన నిద్రలో కూడా మాట్లాడతాడు!"

చర్చిలో తలలన్నీ అటు తిరిగాయి. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నిద్రలో మాట్లాడతాడని నీకెలా తెలుసు తల్లీ?"

"అయ్యో దేవుడా, మా ఆయనండీ!"

వెనక బెంచీల్లో గోల మొదలైంది. "మోసం!" అన్నాడు ఒకడు. జెరూషా ముఖం వాడిపోయిన తేయాకులా అయింది. మిచెని చప్పుడు చేయకుండా గుమ్మం వైపు జరిగాడు. ముతెంబెయి దండ తీయబోయి దారం చిక్కుపడి అలాగే ఉండిపోయాడు.

అప్పుడు చియంబాక లేచింది. ముఖం మీద లేసో, చూపు పాస్టరుగారి మీద.

"అయ్యగారూ, ఆ వేదిక మీద ఉన్నవాడు మా అల్లుడు. నాకు చెరువు దగ్గరే తెలిసిపోయింది. మొహం నేనెన్నడూ చూడలేదు, నిజమే. మూడేళ్ళు మా ఇంట్లో తల వంచుకుని కూర్చున్న మనిషి నడినెత్తి నాకు తెలియదా? దాని మీద పావలా కాసంత బోడి ఉంది. టోపీ తీయగానే పోల్చుకున్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?" అంది జెరూషా ఏడుపు గొంతుతో.

"చెబితే మర్యాద ప్రకారం ఎవరో ఒకరం దిగిపోవాలి. గైడు దిగడు కదా. నాకు పైదాకా పోవాలనుంది." ఆవిడ లేసో ముందుకు లాక్కుంది. "మా అమ్మాయి వాణ్ణి గుమాస్తా అంది. నేను ప్రార్థన కూటమన్నాను. అక్కడికి సరి. అత్తను కేకేసి పిలిచినందుకు వాడు మేకపోతు జరిమానా ఇచ్చుకోవాలి, కానీ ఆ కేక లేకపోతే దాన్ని తినడానికి నేను ఉండేదాన్ని కాదు. అదీ సరి. అసలు మాట చెబుతున్నాను వినండి. అత్త ముందు నోరెత్తకూడదని మూడు రోజులు కొండ మీద మూగనోము పట్టాడు, వానలో బయట పడుకున్నాడు, ప్రాణం పోతుందన్నప్పుడు మాత్రమే నోరు విప్పాడు. మీ అల్లుళ్ళలో ఒక్కణ్ణి చూపించండి ఇలాంటివాణ్ణి!"

ఆడవాళ్ళ వైపు నుంచి ముందు ఒక నిట్టూర్పు, తర్వాత చప్పట్లు వచ్చాయి. మగవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాస్టరుగారు, "అల్లుడు మూడు రోజులు మాట్లాడకపోవడం కూడా అద్భుతమే," అని ప్రకటించి కూడిక ముగించారు. పందిరి కింద మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన గితేరి అందరికీ వడ్డించారు. అత్తగారు వాకిట్లో తిన్నది, అల్లుడు పెరట్లో తిన్నాడు. కన్యువా అటూ ఇటూ తిరుగుతూ రెండు చోట్లా నవ్వింది.

సోమవారం జెరూషా ముతెంబెయికి ఫోను చేసింది. వచ్చే నెల పన్నెండుమంది అత్తలు లెనానాకు బయల్దేరుతున్నారనీ, సామాను మోయడానికి వాళ్ళ వాళ్ళ అల్లుళ్ళనే మాట్లాడిపెట్టమనీ చెప్పింది.

అల్లుళ్ళెవరూ ఇంతవరకు మాట్లాడలేదు.