ఉమాకాంత్ వేవిళ్లు

ఆ శనివారం పొద్దున ఉమాకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అశోక్‌నగర్‌లో ఇంటి మెట్లు దిగాలి, చిక్కడపల్లి మెడికల్ షాపులో వాంతుల మాత్ర కొనాలి, ఇడ్లీలు చల్లారేలోపు తిరిగి రావాలి. మాత్ర అతని భార్య అనూహ్యకు. ఆమెకు తొమ్మిదో వారం. నిన్నటి నుంచి కడుపులో గుక్కెడు నీళ్లు కూడా నిలవడం లేదు. నారాయణగూడ డాక్టరమ్మ క్లినిక్ తెరిచేదేమో పదకొండింటికి.

"షాపుల కడుపుతో ఉన్నదని చెప్పి అడగండి. ఇప్పుడు ఏది పడితే అది వేసుకోవద్దు," అంది అనూహ్య, గోడ పట్టుకుని.

"చెప్పుడా?" అత్తగారు హైమవతి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మూడో నెల నిండేదాక ఎవ్వరి చెవిన పడొద్దన్న. దిష్టి తగుల్తది. నాకే అని చెప్పి తేరా. వాంతులు వాంతులే గదా, ఆడోళ్లకో తీరు, మొగోళ్లకో తీరా?"

ఉమాకాంత్ ఇద్దరికీ తల ఊపి బయల్దేరాడు. పెళ్లయిన మూడేళ్లలో అతను బాగా నేర్చుకున్న పని అదొక్కటే.

ఇక్కడ షాపు విజయశ్రీ గారి గురించి చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డ ఈ మనిషికి మందులమ్మడం కంటే అమ్మకపోవడంలో పేరెక్కువ. ఏ మాత్ర అడిగినా ముందు "ఎవరికి?" అంటుంది. అడిగింది కార్పొరేటరైనా సరే.

"ఎవరికి తమ్మీ?"

"నాకే అక్కా."

"ఎప్పటిసంది?"

"పదిహేను రోజులాయె."

"ఎప్పుడెప్పుడైతున్నయ్?"

"పొద్దుగాల లేవంగనే. మళ్ల తాలింపు వాసనొస్తే."

"ఏమన్న తినబుద్ధయితుందా?"

"పచ్చి మామిడికాయ."

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి పాపం. మనిషినొక్కడిని మార్చి, మిగతావన్నీ నిజాలే చెప్పాడు. విజయశ్రీ కళ్లద్దాల పైనుంచి అతన్ని ఒక క్షణం చూసింది. "పదిహేను దినాల వాంతులకు చీటీ లేకుండ నేనియ్య. ఎవరి ఒంట్లకు పోతదో తెల్వకుండ అసలే ఇయ్య," అంది.

వెనకాలే బీపీ మాత్రల కోసం నిలబడ్డ ధర్మారావు గారు ఇదంతా విన్నారు. ఆయన కరెంటాఫీసులో రిటైరై, ఉమాకాంత్ కింది ఫ్లాట్‌లో ఉంటారు. ఊరికే ఉండరు.

"పదిహేను రోజులా! ఏంది బాబూ ఇది, పచ్చకామెర్లు!" అంటూ రోడ్డు మీదే ఉమాకాంత్ కింది రెప్ప లాగి చూశారు. "చూడు, ఎట్ల పచ్చబడ్డదో!"

"కాదంకుల్, జర వినండి..."

వింటేనా! చెరకురసం తాగించారు. పసరు మందు కోసం అంబర్‌పేట్‌లో ఎవరికో ఫోన్ కొట్టారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. వాళ్లు ఇల్లు చేరేసరికి హాల్లో ఆరుగురు కూర్చుని ఉన్నారు.

"వీనికేనా వాంతులు?" అని అందరూ అడిగారు. హైమవతి కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది, దిష్టిని తలుచుకుంది. "అవును, వీనికే," అంది.

ఇంకేముంది! అనూహ్య పడుకున్న మంచం ఖాళీ చేయించి ఉమాకాంత్‌ను పడుకోబెట్టారు. ఒకరు పేపరుతో విసిరారు, ఒకరు కాళ్లు పట్టారు. అనూహ్య వంటింట్లో గ్యాస్ సిలిండర్‌కు ఆనుకుని నేల మీద కూర్చుంది. పై అంతస్తు ఆశమ్మ తన ఇంట్లోంచి సగం వాడిన మాత్రల పట్టీ తెచ్చింది. "మా ఆయనకు బస్సుల కడుపుల తిప్పినప్పుడు ఇచ్చిన్రు. రెండేస్తే బంద్."

ఉమాకాంత్‌కు ప్రాణం లేచొచ్చింది. పట్టీ గుప్పిట్లో దాచి, బాత్రూం అని చెప్పి వంటింట్లో దూరాడు. "వేసుకో అనూ, ఎవరూ చూస్తలేరు."

అనూహ్య పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ పట్టీ వైపు చాలాసేపు చూసింది. "ఇది ఏం మాత్ర?"

"తెల్వదు."

"లోపల బిడ్డకు ఏం చేస్తది?"

"తెల్వదు."

"మరి నాకెట్ల ఇస్తున్నరు?" అని పట్టీ తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసి, మళ్లీ వచ్చి సిలిండర్‌కు ఆనుకుంది. నిన్నటి నుంచి కడుపు చెయ్యి పెట్టి దేవినట్టున్న మనిషి చేసిన పని ఇది. నేనైతే రెండూ మింగి మూడోది ఉందా అని అడిగేవాణ్ణి. ఆ పిల్లకు దండం పెట్టాలి.

పదకొండవుతుండగా విజయశ్రీ వచ్చింది, షాపు పనివాళ్లకు అప్పజెప్పి. అందరూ పక్కకు జరిగి మంచానికి దారిచ్చారు. ఆమె మంచం వైపు చూడనైనా చూడకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది.

"మామిడికాయ నీకేనా అమ్మా?" అంది మెల్లగా. అనూహ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. "మూత్రం ఎప్పుడు పోయినవ్?"

"రాత్రి."

విజయశ్రీ ముఖం మారింది. అక్కడే నిలబడి క్లినిక్‌కు ఫోన్ చేసింది, హాల్లోకి వచ్చి చెప్పింది. "పేషెంటుకు ఒంట్ల నీళ్లు తగ్గినయ్. ఇప్పుడే నారాయణగూడ పోవాలె. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోవాలె." ఇందులో ఒక్క అబద్ధం లేదు, చూసుకోండి.

ఆటోలో వెనక వాళ్లతో పాటు హైమవతి, డ్రైవర్ పక్కన ధర్మారావు గారు ఎక్కి కూర్చున్నారు. దిగాక కడుపుతో ఉన్న ఆడవాళ్ల మధ్య నిలబడి నర్సును గట్టిగా అడిగారు. "కామెర్లకు ఏ గదమ్మా?" నర్సు నవ్వింది. ఆయన హైమవతి వైపు తిరిగి గొంతు తగ్గించకుండానే అన్నారు. "పదిహేను రోజులు దాచిపెట్టిన్రంటే తాగుడే అయ్యుంటది. ఎప్పటిసంది తాగుతుండు?"

"నా కొడుకు చుక్క ముట్టడు!" హైమవతి అరిచింది. "నా కోడలు కడుపుతోని ఉన్నది!"

హాలు హాలంతా విన్నది. అప్పటికే లోపల అనూహ్యకు సెలైన్ ఎక్కుతోంది. డాక్టరమ్మ అన్నీ అడిగి, కడుపుతో ఉన్నవాళ్లకు భయం లేని మాత్ర చీటీ మీద రాసింది. ఆ చీటీ చూశాక విజయశ్రీ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మందిచ్చింది. సాయంత్రం నాలుగు ముద్దల పెరుగన్నం నిలిచింది.

"నా భయంతోని నిన్ను గోస పెట్టిన బిడ్డా," అంది హైమవతి, కోడలి తల నిమురుతూ. ఆ వెంటనే కిందికి దిగి, మూడో నెల దాకా ఎవరికీ చెప్పనని ధర్మారావు గారితో ఒట్టు వేయించుకుంది.

ఆయన మాట మీద నిలబడ్డారు. రాత్రి గ్రూపులో ఇంతే రాశారు: "ఉమాకాంత్‌కు ప్రమాదమేమీ లేదు, పూర్తిగా తేరుకోవడానికి ఇంకా ఏడు నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పారు."