రెక్కల తాబేళ్ల రచయిత్రి

ఒక పెద్ద అడవిలో, పులి రాజుగా ఉన్నా పనులన్నీ కమిటీలే చూసుకునే కాలంలో, నేత్రావతి అనే దేవాంగపిల్లి నవలలు రాసేది. పిడికెడంత ఒళ్లు, మొహం నిండా కళ్లు. కొమ్మ మీద ఒక అడుగు వేశాక రెండోది వేయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించే జాతి వాళ్లది. దూరం పోలేని జీవి కాబట్టి దూరాలన్నీ ఊహించుకునేది.

టేకు ఆకుల మీద గోటితో గీసేది. సాయంత్రాలు గోరింకలు వాటిని అందరికీ చదివి వినిపించేవి. కథలన్నీ కొండల అవతల మేఘవర్తి అనే రాజ్యంలో జరిగేవి. అక్కడి తాబేళ్లకు రెక్కలుంటాయి. అవి మబ్బుల దాకా ఎగిరి, డిప్పల్లో నీళ్లు పట్టుకొచ్చి ఎండిన నేల మీద పోస్తాయి.

మొదటి నవల వచ్చినప్పుడు సాహిత్య పరిషత్తులో గుడ్లగూబ గంటసేపు మాట్లాడింది. ఇందులో సామాన్య జంతువుల కష్టాలు లేవని తేల్చింది. నేత్రావతి చిన్నబుచ్చుకుని కొన్నాళ్లు కష్టాల మీదే రాసింది. సామాన్య జంతువులు సగంలో లేచి వెళ్లిపోయాయి. కష్టాలు తమ ఇళ్లలోనే ఉన్నాయి, వినడానికి ఇంత దూరం రావడం దేనికని అనుకున్నాయి. ఆమె మళ్లీ తాబేళ్ల దగ్గరికే వచ్చింది. ఈసారి పేరొచ్చింది.

ఆ పేరు బాగా పాకాక కరువొచ్చింది. వానల్లేవు. మడుగులు ఎండి బీటలు వారాయి. సభలో గజ్జెలమ్మ అనే ముసలి ఏనుగు లేచి, జల కమిటీ ఇన్నాళ్లూ ఏం చేసిందని అడిగింది.

కమిటీ అధ్యక్షుడు మధురవాక్కు అనే నక్క. కమిటీ ఏమీ చేయలేదు. ముందురోజు గోరింకలు చదివిన అధ్యాయం మాత్రం నక్క చెవిలో ఇంకా ఉంది. అందుకని మేఘవర్తితో ఒప్పందం కుదిరిందనీ, తాబేళ్లు బయల్దేరాయనీ ప్రకటించింది. అందాకా ఎవరూ కంగారుపడి వాగులో ఇసుక తవ్వకూడదనీ, తవ్వితే వచ్చే అతిథులకు అడవి అసహ్యంగా కనిపిస్తుందనీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ సంగతి తెలిసి నేత్రావతి రాజు గుహకు బయల్దేరింది. ఆమె నడక ఆమెది. చేరేసరికి ఆమెను రాజ్య జల సలహాదారుగా వేసేశారు.

"ప్రభూ, మేఘవర్తి అని ఏ రాజ్యమూ లేదు. అది నేను కల్పించాను. వాగులో ఇసుక లోతుగా తవ్వితే నీళ్లు పడతాయి. మా అమ్మమ్మ వాళ్లు కరువుల్లో అలాగే బతికారట," అంది.

రాజు నక్క వంక చూశాడు.

"రచయితలకు వినయం ఎక్కువ ప్రభూ," అంది నక్క.

రాజు ఆమెకు పాము కుబుసం శాలువాగా కప్పి పంపించాడు.

నేత్రావతి చెట్టుచెట్టుకూ తిరిగి అదే మాట చెప్పింది. ఎవరూ నమ్మలేదు. చారుమతి అనే దుప్పి తన కూనను కాళ్ల మధ్య పడుకోబెట్టుకుని ఉంది. "అక్కా, నువ్వే అవి లేవంటే ఎలా? నా బిడ్డ ఆ తాబేళ్ల పేర్లు చెప్పుకుంటూ నిద్రపోతోంది," అంది.

ఆ కూన దాహంతో చనిపోయింది. చారుమతి మాత్రం వాగు ఒడ్డునే నిలబడి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇక ఒక్క ముక్క కూడా రాయనని ఒట్టు పెట్టుకున్న నేత్రావతి, అది చూసొచ్చి టేకు ఆకు తీసింది. గోరింకలు చదివిన కొత్త అధ్యాయంలో తాబేళ్లు అడవి మీదికి వచ్చేశాయి. కానీ దిగలేకపోయాయి. వాగులో ఏనుగు మునిగేంత గొయ్యి ఉంటేనే దిగుతాయట, గట్టి నేల మీద దిగితే రెక్కలు విరుగుతాయట. కింద గొయ్యి కనపడక అవి వెనక్కి తిరగబోతుండగా అధ్యాయం అయిపోయింది.

తెల్లారేసరికి అడవి మొత్తం వాగులో ఉంది. ఏనుగులు ఇసుక తోడుతున్నాయి, పందులు అంచులు తవ్వుతున్నాయి. నక్క పరుగున వచ్చి ఇది కమిటీ ఉత్తర్వుకు విరుద్ధమంది.

"నీ ఒప్పందం సంగతి నీకే తెలియకపోతే ఎలా నాయనా? పక్కకు జరుగు," అంది గజ్జెలమ్మ.

మధ్యాహ్నానికి చెమ్మ తగిలింది, సాయంత్రానికి నీళ్లూరాయి. అందరూ తాగాక ఒకసారి ఆకాశంలోకి చూశారు. తాబేళ్లు నీళ్లు పోసేసి, మొహమాటపడి, చెప్పకుండా వెళ్లిపోయాయని అనుకున్నారు.

నక్కకు సన్మానం జరిగింది. తన ముందుచూపు గురించి అది చాలాసేపు మాట్లాడింది. పులి ముచ్చటపడి, ఇంత సాయం చేసిన రాజ్యంలో మనకో రాయబారి ఉండి తీరాలంది. మేఘవర్తితో పరిచయం ఉన్నది ఒక్క నక్కకే కనుక దాన్నే నియమించి, అక్కడి రాజును వెంటబెట్టుకుని గానీ తిరిగి రావద్దని ఆజ్ఞ వేసింది.

నక్క నేత్రావతి చెట్టు కిందికి వచ్చి నిలబడింది. "అమ్మా, ఆ రాజ్యం లేదని రాజుగారికి ఒక్కసారి చెప్పండి," అంది.

"చెప్పి చూశాను కదండీ," అంది నేత్రావతి.

అయినా మళ్లీ వెళ్లి చెప్పింది. రాజు ఆమె వినయానికి ఇంకో కుబుసం కప్పాడు. నక్క కొండలెక్కి అవతలికి దిగిపోయింది. తర్వాత దాన్ని చూసినవాళ్లు లేరు.

ముసలితనంలో నేత్రావతి జరిగింది జరిగినట్టుగా ఒక పుస్తకం రాసింది. కూన చావు, ఆ తల్లి చూపు, అన్నీ పెట్టింది. గోరింకలు చదువుతుంటే కొత్త తరం జంతువులు ఆవులించాయి. కాళ్ల కిందే నీళ్లు పెట్టుకుని పిల్లల్ని దాహంతో చంపుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా, పెద్దావిడ మరీ కల్పిస్తోంది అనుకుంటూ వెళ్లిపోయాయి. చారుమతి ఒక్కతే చివరిదాకా కూర్చుంది.

నీతి: ఎటూ నమ్మేది అబద్ధాన్నే కనుక, దాన్ని కాస్త పనికొచ్చేలా చెప్పాలి.