మూడూళ్ళ మిత్రమండలి అధ్యయన యాత్ర

"ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాలలో పుట్టిన ప్రతి రూపాయి ఆ మూడు పట్టణాలలోనే పెరిగి, అక్కడే తిరిగి, అక్కడే తుదిశ్వాస విడువవలెను!"

ఇది మూడూళ్ళ వ్యాపార మిత్రమండలి వారి మొట్టమొదటి తీర్మానం. రాసినవారు మండలి అధ్యక్షులు, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఆదినారాయణ. రూపాయి చచ్చిపోతే మన గతేమిటని ఎవరో అడగబోయారు గానీ, అప్పటికే చప్పట్లు మొదలైపోయాయి. చప్పట్ల మధ్యలో ప్రశ్న అడగడం మండలి మర్యాద కాదు.

మండలి పని చాలా పెద్దది. ఆదివారం పొద్దున్నే ఏదో ఒక ఊరి హోటల్లో అందరూ కలుస్తారు. ఉప్మా తింటారు. ఒక్కొక్కరూ లేచి నిమిషంలో తమ వ్యాపారం గురించి చెప్పుకుంటారు. నిమిషం కాగానే గంట కొడతారు. ఆ తర్వాత కార్డులు మార్చుకుంటారు. పోయిన వారం కూడా మార్చుకున్నారు కదా అంటారేమో, అది వేరు, ఇది వేరు. పోయిన వారం జరిగింది పరస్పర పరిచయ సభ, ఈ వారం జరిగేది పరిచయ పునశ్చరణ సభ, వచ్చే వారం జరగబోయేది పునశ్చరణ సమీక్షా సభ. ఈ రాబోవు కార్యక్రమాలన్నీ వాట్సాప్ గ్రూపులో పూలదండ బొమ్మతో వస్తాయి. అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు.

నియమాలు రెండే. ఊరికి ఒక వ్యాపారంలో ఒక్కరికే కుర్చీ. సభ్యుడు ఏం కొన్నా ఈ మూడూళ్ళలోనే కొనాలి. బయట కొంటూ దొరికితే కుర్చీ ఊడిపోతుంది, అదే వ్యాపారంలో ఉన్న పక్క అంగడివాడికి పోతుంది. ఈ రెండో నియమం కూడా ఆదినారాయణ కలం నుంచి వచ్చిందే.

ఆ నియమానికి మొదటి బలి హిందూపురం ఓబుళప్ప. షామియానాలు, కుర్చీలు బాడుగకిచ్చేవాడు. ఒకనాడు రైలు దిగుతుంటే అతని చేతిలో బెంగళూరు అంగడి పేరున్న సంచి కనిపించింది. సంచిలో మిక్సీ ఉంది. చూసినవాడు సాక్షాత్తూ మండలి కార్యదర్శి, హిందూపురంలో ఫ్రిజ్జులు, టీవీలు, మిక్సీలు అమ్మే సంజీవప్ప! ఇంకేముంది, అత్యవసర సమావేశం పెట్టారు. ఇంట్లో భార్య చౌడక్క అడిగిన మిక్సీ సంజీవన్న అంగట్లో లేదనీ, ఎన్నిసార్లు తిరిగినా రేపు రమ్మన్నారనీ ఓబుళప్ప మొత్తుకున్నాడు. రేపటిదాకా ఆగలేనివాడు వ్యాపారమేం చేస్తాడని ఆదినారాయణ తీర్పు చెప్పాడు. తొలగింపు కూడా ఒక కార్యక్రమమే కాబట్టి ఓబుళప్పకు శాలువా కప్పి, ఫొటో దిగి, పంపించేశారు.

అప్పట్నుంచి మండలిలో బెంగళూరు సంచి పట్టుకున్నవాడు కనిపించలేదు. మూడూళ్ళూ దారికొచ్చాయని ఆదినారాయణ సంతోషించాడు.

ఇంతలో ఆయన ఇంట్లోనే నిప్పు రాజుకుంది. కూతురు సింధూరకు నిశ్చితార్థం కుదిరింది. ఆదినారాయణ అంగట్లో ఉన్న మేలురకం చీరలన్నీ ఇంటికి తెచ్చి హాల్లో పరిచాడు. భార్య అమృతవల్లి సోఫాలో కూర్చుని, కాలు కూడా కింద పెట్టకుండా చూసింది.

"ఇవి ఒద్దు. బెంగళూరు పోవల్ల," అంది.

ఆదినారాయణ చేతిలోని చీర వదిలేశాడు. దేశం నలుమూలల నుంచి జనం ధర్మవరం చీర కోసం ధర్మవరం వస్తుంటే, ధర్మవరం చీరల అంగడి యజమాని భార్య బెంగళూరు పోవడమేమిటని లబలబలాడాడు. అమృతవల్లి నిదానంగా జవాబు చెప్పింది.

"పెండ్లికొడుకు వాళ్ళమ్మ అడుగుతాది, చీర యాడ కొన్నారని. మా అంగట్లోదే అంటే ఏమనుకుంటాది? కొనల్యా, ఉండేదే కట్టినారు అనుకుంటాది."

ఆదినారాయణ చీరలు మడత పెట్టసాగాడు. ఆయన బాధ వేరు. పై ఆదివారం పెనుకొండలో మండలి మహాసభ. రెండోసారి అధ్యక్షుడిగా ఎన్నుకునేది అక్కడే. ఇప్పుడు గానీ బెంగళూరులో చీర కొంటూ దొరికితే, అధ్యక్ష పదవి మాట అటుంచి, మామూలు కుర్చీ కూడా మిగలదు. అది ఎదురంగడి కుళ్ళాయప్పకు పోతుంది. కుళ్ళాయప్ప రోజూ తన అంగడి మెట్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఆదినారాయణ బోర్డుకేసి చూస్తూ టీ తాగుతుంటాడు. ఆ టీ గుర్తొస్తే ఆదినారాయణ తన టీ పక్కన పెట్టేస్తాడు.

అయినా ఇంట్లో తీర్మానం నెగ్గింది. మహాసభ ఏర్పాట్ల కోసం ఈ ఆదివారం పెట్టుకున్న సమావేశానికి రాలేననీ, తాడిమర్రిలో పెద్దమ్మకు బాగాలేదనీ ఆయన గ్రూపులో రాశాడు. కాసేపటికి ఉపాధ్యక్షుడు, పెనుకొండలో మంచాలు, బీరువాలు, సోఫాలు అమ్మే హనుమంతరాయుడు, మోకాలు పట్టేసిందనీ, మంచం దిగలేకపోతున్నాననీ రాశాడు. ఆ వెంటనే సంజీవప్ప, నల్లమాడలో దగ్గరి బంధువుల గృహప్రవేశమని రాశాడు. సమావేశం వాయిదా పడింది. అందరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. భగవంతుడు తనవైపే ఉన్నాడని ఆదినారాయణ అనుకున్నాడు.

ఆదివారం పొద్దున ధర్మవరం స్టేషన్లో భార్యాభర్తలు బెంగళూరు పాసింజరు ఎక్కారు. ఆదినారాయణ నెత్తిన మంకీ క్యాపు, చేతిలో ఖాళీ సంచి. సంచి మీద 'సంజీవప్ప హోమ్ అప్లయన్సెస్, హిందూపురం' అని పెద్ద అక్షరాలు. ఇది ఆయన సొంత బుర్రలో పుట్టిన ఉపాయం. బెంగళూరు చీర సంజీవప్ప సంచిలో దిగితే, చూసినవాడు మిక్సీ అనుకుంటాడు. ఓబుళప్పకు ఈపాటి తెలివి లేకనే కదా పోయింది!

పెనుకొండ వచ్చింది. రైలు కదులుతుండగా ఒక పెద్దమనిషి ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, కమ్మీ పట్టుకుని ఒక్క ఎగురు ఎగిరి ఇదే పెట్టెలోకి పడ్డాడు. లేచి పంచె దులుపుకుని చూస్తే ఎదురుగా మంకీ క్యాపు. మంకీ క్యాపులోంచి రెండు కళ్ళు. ఆ కళ్ళు ఆయనకు బాగా తెలిసినవే.

హనుమంతరాయుడు మెల్లగా మోకాలు పట్టుకుని కుంటడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా రాయుడూ, మోకాలు ఎట్లుండాది?" అన్నాడు ఆదినారాయణ.

"దానికే పోతాండా అన్నా, బెంగళూరులో డాక్టరుకు చూపీడానికి. తాడిమర్రి పెద్దమ్మ ఎట్లుండాది?"

"బెంగళూరులోనే చేర్చినాము."

ఇద్దరూ కిటికీలోంచి చూడసాగారు. కాసేపటికి ఆదినారాయణకు ఒక సంగతి తట్టింది. ఎముకల డాక్టరు మండలిలోనే సభ్యుడిగా ఉండగా, ఉపాధ్యక్షుడు బెంగళూరు డాక్టరు దగ్గరికి పోవడం నియమానికి విరుద్ధం కదా అన్నాడు. మన పెద్దాసుపత్రులను కాదని పెద్దమ్మను బెంగళూరులో చేర్చడం మాత్రం ఏ నియమమని రాయుడు అడిగాడు. మాట మీద మాట పెరిగింది. ఆ ఊపులో రాయుడి చంకలోని సంచి జారి కింద పడింది. దాని మీద 'ఆదినారాయణ సిల్క్స్, ధర్మవరం' అని ఉంది. తన పేరు చూసుకుని ఆదినారాయణ ఒక్క క్షణం మురిసిపోయాడు. ఆ తర్వాత అందులో చీర లేదని గమనించాడు. లోపల సోఫా కవర్ల కోసం ఇంటావిడ ఇచ్చిన గుడ్డముక్క ఒకటుంది, రంగు సరిచూసుకోవడానికి.

సోఫాలు అమ్మేవాడు సోఫా కవర్లకు బెంగళూరు పోతున్నాడు! ఆదినారాయణ నవ్వబోయి, పక్కనున్న అమృతవల్లిని చూసి మానుకున్నాడు.

హిందూపురంలో సంజీవప్ప భార్యాపిల్లలతో ఎక్కాడు. ఇంటిల్లిపాదీ చేతుల్లో రాయుడి పెనుకొండ ఫర్నిచర్ అంగడి సంచులు. నల్లమాడ ఏ దిక్కున ఉంది, ఈ రైలు ఏ దిక్కుకు పోతోంది అని ఎవరూ అడగలేదు. మంకీ క్యాపునూ, మోకాలినీ, ఆ సంచులనూ ఒకదాని తర్వాత ఒకటి చూసి సంజీవప్ప ఎదురు సీట్లో కూలబడ్డాడు. గౌరిబిదనూరు దాకా ముగ్గురూ ఎవరి సంచులు వాళ్ళు మడిచి దాచుకోసాగారు. ఆదినారాయణకు మాత్రం మెట్ల మీద టీ తాగుతున్న కుళ్ళాయప్పే కనిపిస్తున్నాడు. తను దొరికాడు. కానీ వీళ్ళూ దొరికారు. ముగ్గురూ దొరికితే దొరకనట్టే కదా! ఈ ఆలోచన రాగానే ఆయన మంకీ క్యాపు తీసేసి, గొంతు సవరించుకుని, అధ్యక్షుల హోదాలో లేచి నిలబడ్డాడు.

మండలి నిబంధనల ప్రకారం ముఖ్య కార్యవర్గం ముగ్గురూ హాజరైతే అది సమావేశమేననీ, మండలి పుట్టాక ముగ్గురూ టైముకు వచ్చిన మొదటి సమావేశం ఇదేననీ ప్రకటించాడు. మన జనాన్ని బయటి అంగళ్ళు ఎట్లా ఆకర్షిస్తున్నాయో తెలుసుకోవాలంటే అక్కడికి పోయి, కొనేవాళ్ళ మాదిరి నటించి, అవసరమైతే కొని చూడడం తప్ప మార్గం లేదన్నాడు. కాబట్టి ఇది కొనుగోలు కాదు, క్షేత్రస్థాయి అధ్యయన యాత్ర! రాయుడు బలపరిచాడు. సంజీవప్ప కార్యదర్శి హోదాలో నమోదు చేసుకున్నట్టు తల ఊపాడు. కుటుంబ సభ్యులను పరిశీలకులుగా చేర్చారు. తీర్మానం ఏకగ్రీవం. అమృతవల్లి పులిహోర పొట్లం విప్పింది, దాంతో సభ నిండుగా ముగిసింది.

బెంగళూరు స్టేషన్ బయటికి వచ్చారు. ముగ్గురి ముఖాల్లోనూ అధ్యయనం ఉట్టిపడుతోంది. అక్కడ ఒక తెల్ల వ్యాను నిలబడి ఉంది. దాని అద్దం మీద తెలుగులో 'ధర్మవరం - పెనుకొండ - హిందూపురం షాపింగ్ సర్వీసు' అని రాసుంది. వ్యాను పక్కన చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన శాలువా మడిచి వేసుకుని ఓబుళప్ప నిలబడి ఉన్నాడు. మండలి కప్పిన శాలువాయే అది.

"రాండి రాండి. రాయుడన్నా, ఈసారీ సోఫాల వీధికేనా? సంజీవన్నా, పోయిన నెల కొన్న టీవీ బాగా పని చేస్తాందా? మన అంగట్లో అంతా పాత మోడళ్ళంటివే."

రాయుడు కుంటడం మరిచిపోయాడు. సంజీవప్ప పిల్లల చెవులు మూయబోయాడు. అధ్యక్షులకు పట్టరాని కోపం వచ్చింది. ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం, తన తీర్మానానికి విలువేముంది, తను ఇదే మొదటిసారి రావడం, అదీ కూతురి నిశ్చితార్థమని గత్యంతరం లేక, అని గట్టిగా మొదలుపెట్టాడు. ఓబుళప్ప ఆయన్ని గౌరవంగా మాట్లాడనిచ్చి, అమృతవల్లి వైపు తిరిగాడు.

"అక్కా, మనం మామూలుగా పోయే చీరలంగడికేనా?"

 హిందూపురంలో చెల్లెలికి బాగాలేదని అమృతవల్లి అన్నిసార్లు ఎందుకు పోయి వచ్చిందో ఆదినారాయణకు అప్పుడు తెలిసింది. ఆ చెల్లెలికి ఏ జబ్బూ లేదు, ఉన్నదల్లా ఈ అక్కకు, బెంగళూరు చీరల జబ్బే! అమృతవల్లి మాత్రం నదురూ బెదురూ లేకుండా వ్యానెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ఆదినారాయణకు మహాసభ గుర్తొచ్చింది. ఓబుళప్పను పక్కకు పిలిచి, జరిగింది జరిగిపోయిందనీ, కావాలంటే మండలిలో మళ్ళీ కుర్చీ ఇప్పిస్తాననీ, ఈ సంగతి మాత్రం బయట పెట్టవద్దనీ బతిమాలుకున్నాడు. ఓబుళప్ప చేతులు జోడించాడు. వాట్సాప్ బొమ్మ కాదు, నిజం చేతులు.

"కుర్చీ ఒద్దన్నా. మీ మండలిలో ఉన్నన్నాళ్ళూ గంట కొట్టిందే గానీ ఒక్క బేరం రాలేదు. మీరు తీసేసినాక సభ్యులందరూ నా గిరాకీలే. బయట చెప్తే నా కడుపు నేనే కొట్టుకున్నట్ల కాదా? ఆ నియమం మాత్రం తీసేయొద్దన్నా. అది ఉండబట్టే ఇంతమంది దొంగతనంగా నా వ్యానెక్కుతాండారు."

పై ఆదివారం పెనుకొండలో మహాసభ దేదీప్యమానంగా జరిగింది. వేదిక మీద పట్టక కొందరు సభ్యులు మెట్ల మీద కూర్చున్నారు. ఆదినారాయణ రెండోసారి అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ప్రతిపాదించింది రాయుడు, బలపరిచింది సంజీవప్ప. బెంగళూరులో తెలుగువారి పేరు నిలబెడుతున్నందుకు ఓబుళప్పకు ఇంకో శాలువా కప్పారు. చివర్లో అధ్యక్షులు మైకు ముందుకొచ్చి, బయట గుండుసూది కూడా కొనబోమని ప్రమాణం చేయమన్నారు. వేదిక మీదివాళ్ళూ, మెట్ల మీదివాళ్ళూ కుడిచేతులెత్తి ఒక్క గొంతుతో ప్రమాణం చేశారు. చాలామందికి కళ్ళు చెమర్చాయి, ఆదినారాయణకు కూడా. అది నటన కాదు. మైకు ముందు ఉన్నంతసేపూ ఆయన ప్రతి మాటా నిజంగానే నమ్ముతాడు.

సభ ముగిసి అందరూ బయటికి వస్తుంటే, గుమ్మం దగ్గర రెండు శాలువాలతో నిలబడిన ఓబుళప్ప ఒక్కొక్కరినీ చెవిలో ఏదో అడిగి పంపుతున్నాడు. అధ్యక్షులు వచ్చేసరికి గొంతు ఇంకా తగ్గించాడు.

"వచ్చే ఆదివారం అక్క జాకెట్లు కుట్టినవి తెచ్చుకోవల్లంట కదన్నా. వ్యానంతా మన మండలోళ్ళే. సీటు ముందరిదా, ఎనకదా?"

ఆదినారాయణ అటూ ఇటూ చూశాడు. మెడలో దండ సర్దుకున్నాడు.

"ముందరిది పెట్టప్పా," అన్నాడు. "అధ్యక్షుణ్ణి కదా, ఎనక కూచుంటే బాగుండదు."