తీర్మానం గారి రెండు నిమిషాల మౌనం

ఆ ఉదయం తీర్మానం గారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది: టీ చల్లారేలోగా తన జీవితాన్ని ఒక్క పేజీలో పెట్టెయ్యాలి. బడి వదిలిన నలభై ఐదేళ్ళకు పాత క్లాసంతా కలవబోతోంది. అప్పటి క్లాసు లీడరు, ఇప్పుడు రిటైరైన వంతెనల ఇంజినీరు, అందరికీ కబురు పెట్టాడు. ఉద్యోగం, కుటుంబం, రిటైర్మెంటు గురించి ఎవరి పేజీ వాళ్ళు రాసి పంపితే పుస్తకం వేస్తారట.

ఒక్క పేజీ ఆయనకో లెక్కా? ముప్పై ఎనిమిదేళ్ళ గుమాస్తాగిరీలో ఆయన ఫైళ్ళకన్నా శ్రద్ధగా రాసినవి సంతాప తీర్మానాలు. ఆఫీసులో ఎవరు పోయినా పై అధికారి ముందు ఆయన్నే పిలిచేవాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ పలకరించని మనిషి కూడా ఆయన కలం కింద పడితే స్నేహశీలి అయిపోయేవాడు. ఆ పేరు ఆయనకు అలా అంటుకుంది. తీరా ఆయన రిటైరైన రోజున మాత్రం, ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసేవాడు ఆఫీసులో ఇంకొకడు లేకపోయాడు. ఓ కప్పు టీ ఇచ్చి, చెయ్యి కలిపి పంపించేశారు. రెండేళ్ళయినా ఆ ముల్లు గుండెలోంచి రాలేదు. ఎవరైనా, ఎక్కడైనా, తన గురించి ఒక్క మంచి మాట అంటే చెవులారా వినాలని ఆయనకు పిచ్చి కోరిక.

కలం తీశారు. అలవాటు పడ్డ చెయ్యి కదా, దాని దారిన అది పోయింది. పైన ఆఫీసు పేరున్న పాత కాగితం మీద, “ఆయన నిరాడంబరులు, కార్యదక్షులు. భార్యకు నీడగా, కూతురికి అండగా నిలిచారు. వారి సేవలు చిరస్మరణీయం” అని ముత్యాల్లాంటి అక్షరాలతో ముగించారు. కింద సంతకం పెట్టలేదు. తీర్మానానికి సంతకం పెట్టేది అధ్యక్షుడు గానీ రాసినవాడు కాదు కదా! టీ ఇంకా వెచ్చగా ఉండగానే కవరు అంటించేశారు.

నాలుగో రోజున ఆ కవరు విప్పి చదివిన లీడరు కుర్చీలో కూలబడ్డాడు. వెంటనే ఫోను చేశాడు. తీర్మానం గారు స్నానాల గదిలో ఉంటే ఆయన భార్య ఎత్తింది.

“అమ్మా, కాగితం ఇప్పుడే అందింది. ఎప్పుడు జరిగిందమ్మా?”

మొగుడు తన రిటైర్మెంటు గురించి ఏదో రాసి పంపాడని ఆవిడకు తెలుసు. “రెండేళ్ళు దాటింది అన్నయ్యగారూ. మీకెవరికీ చెప్పనే లేదా?”

“లేదమ్మా. ఆ రోజు... బాగా బాధపడ్డాడా?”

“పడరా మరి? ఒక్కడంటే ఒక్కడు మంచి మాట అనలేదు. పాపం, తల వాల్చేశారు.”

లీడరు కళ్ళు తుడుచుకున్నాడు. “ఒంటరిగా ఎలా ఉంటున్నారమ్మా?”

“ఒంటరిగానా? నా ఖర్మ! అప్పుడైతే పగలంతా ఇల్లు నాది. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ నా వెనకాలే తిరుగుతున్నారు. వంటింట్లో మూతలు తీసి మరీ చూస్తున్నారంటే నమ్మండి!”

లీడరు ఒళ్ళు జలదరించింది. “ధైర్యంగా ఉండండమ్మా” అని ఫోను పెట్టేశాడు. పుల్ల పోయాడని, దుఃఖంతో వాడి భార్యకు మతి చలించిందని, ఆవిడకు ఫోన్లు చేసి విసిగించొద్దని క్లాసంతటికీ చెప్పాడు. బడిలో తీర్మానం గారిని పుల్ల అనేవాళ్ళు.

“మీ కాగితం చదివి ఆయన ఏడ్చినంత పని చేశారండీ” అని భార్య చెబితే తీర్మానం గారు రెండు రోజులు నేల మీద నడవలేదు.

కలిసే రోజు రానే వచ్చింది. హాలు మెట్ల దగ్గర భార్య చెప్పు తెగింది. “మీరు పదండి, కుట్టించుకుని వస్తా” అందావిడ. తీర్మానం గారు లోపలికి అడుగుపెట్టేసరికి అందరూ అప్పుడే లేచి, తలలు వంచి మౌనం మొదలుపెడుతున్నారు. అనుభవజ్ఞుడు కదా, ఆయనా చప్పున వెనక వరసలో చేతులు కట్టుకుని, గడియారం చూసుకున్నారు. ఒక నిమిషం పది సెకన్లకే “కూర్చోండి” అన్నాడు లీడరు. “ఇంకా యాభై సెకన్లుండాలి. పోయినవాణ్ణి ఇంత మోసం చేస్తారా!” అని గొణుక్కుని, పక్కనున్న పళ్ళ డాక్టర్ని అడిగారు. “ఎవరు పోయారండీ?”

“మన పుల్ల” అన్నాడు డాక్టరు, నలభై ఐదేళ్ళకు మారిన మొహం పోల్చుకోలేక, కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకుంటూ.

తీర్మానం గారు ‘నేనిక్కడే ఉన్నానురా’ అని అరవబోయారు. అంతలో లీడరు గొంతు వినిపించింది.

“పరీక్షల ముందు నేను నెల్లాళ్ళు జ్వరంతో మంచం పడితే, పాఠాలన్నీ రాసి రోజూ ఇంటికి తెచ్చిచ్చినవాడు పుల్ల. ఆ కాగితాలు చదివే నేను ఇంజినీరునయ్యాను. నేను కట్టిన ప్రతి వంతెన కిందా వాడి చేతిరాత ఉంది. బతికుండగా ఒక్కసారి చెప్పలేకపోయాను.”

తీర్మానం గారు నోరు మూసుకుని కూర్చుండిపోయారు. తప్పే. కానీ ఇంకో ఐదు నిమిషాలు, అంతే!

లెక్కల టీచరుగా రిటైరైన ఆవిడ లేచింది. “మా అందరికీ సెలవు చీటీలు తనే రాసిచ్చేవాడు. ఒకరోజు అడిగితే హెడ్మాస్టరు కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండు రోజులిచ్చేవారు.” పళ్ళ డాక్టరు ఉన్నచోటే లేచాడు. “కిటికీ అద్దం పగలగొట్టింది నేను. దెబ్బలు తిన్నది వాడు.” ఎవరి చేతిలోనూ కాగితం లేదు. ఎవరూ చూసి చదవడం లేదు. తీర్మానం గారికి పట్టరాని ఆనందం వచ్చింది, దానితోపాటు కన్నీళ్ళూ వచ్చాయి.

అప్పుడే భార్య వచ్చి, గుమ్మంలో తానెవరో చెప్పుకుంది. లీడరు పరుగున ఎదురెళ్ళాడు.

“రండమ్మా, ధైర్యంగా ఉండాలి.”

“చెప్పు తెగితే ధైర్యమెందుకు అన్నయ్యగారూ? ఈయనేరీ?”

హాలంతా అయ్యో పాపం అంది.

“అదుగో, ఆ కళ్ళద్దాలాయన పక్కన కూర్చుని ఏడుస్తున్నారు. ఏమండీ, మీకేమైందండీ?”

పళ్ళ డాక్టరు నెమ్మదిగా పక్కకు తిరిగి చూశాడు. మరుక్షణం ఎగిరి కుర్చీ మీదికెక్కాడు.

గోల చల్లారాక లీడరు కాగితం పట్టుకుని వచ్చాడు. “ఇది రాసిందెవడ్రా?”

“నేనే.”

“నువ్వు పోయినట్టు నువ్వే రాసుకుంటావా?”

“ముప్పై ఎనిమిదేళ్ళు మనుషుల గురించి మంచి మాటలు ఇలాగే రాశానురా. బతికున్నవాళ్ళ గురించి రాయమని ఎవరూ అడగలేదు.”

లీడరు ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. తర్వాత కాగితం చింపబోయాడు.

“ఆగు!” అన్నారు తీర్మానం గారు, ఆఫీసు గొంతుతో. “ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం చింపకూడదు. సవరణ తీర్మానం పెట్టాలి.”

ఆయనే రాశారు: “చిరస్మరణీయులైన పుల్ల గారు మన మధ్యనే ఉన్నందుకు ఈ సభ సంతోషం ప్రకటిస్తూ, రెండు నిమిషాలు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నది.” అందరూ లేచారు. తీర్మానం గారు గడియారం చూసుకున్నారు. రెండు నిమిషాలు దాటాయి, నాలుగూ దాటాయి, కూర్చోమనే నాథుడు లేడు. ఆయన కూడా ఈసారి తప్పు పట్టలేదు.

పుస్తకం అచ్చయింది. తీర్మానం గారి పేజీలో ఒక్క అక్షరం మార్చలేదు. అడుగున మాత్రం భార్య చేత ఓ ధ్రువీకరణ రాయించారు: “పై విషయాలన్నీ నిజమే, వంటింట్లో మూతలు తియ్యడం ఇంకా ఆగలేదు.”