ఖాళీ సీసాకు సారంగపాణి సంతకం

ఆ బుధవారం సారంగపాణి ఎప్పటికంటే గంట ముందే సుబేదారిలో కాలేజీ ముందు ఆటో దిగాడు. పని ఒక్కటే. ల్యాబుకు కొరియర్ పెట్టె వస్తుంది. దానికి సంతకం తానే పెట్టాలి. ఉదయ్ పెట్టకూడదు.

కాలేజీ ల్యాబులో అటెండరుగా ఆయన సర్వీసు ఇరవై ఎనిమిదేళ్ళు. ఉదయ్ టెక్నీషియనుగా వచ్చి ఇరవై ఎనిమిది రోజులు. అయినా డీప్ ఫ్రీజరు తాళంచెవులు ల్యాబు పెద్ద స్నేహలత మేడం ఉదయ్ చేతిలోనే పెట్టింది. అప్పటినుంచి సారంగపాణికి తిన్న బువ్వ ఒంటబట్టడం లేదు. ఉదయ్ నడిస్తే జేబులో ఆ గుత్తి గలగలమనేది. ఆ చప్పుడు నేరుగా వచ్చి ఈయన కడుపులో పడేది.

పెట్టెలో ఏముంటుందో మేడం ముందురోజే చెప్పింది. "మన ఒంట్ల కాపలా కాసే కణాల మీద ఒక ప్రోటీనుంటది. రిసెప్టరంటరు. మనోడెవడు, పరాయోడెవడు అని గుర్తుపట్టేది అదే. దాన్నే కంపెనోళ్ళు బయట తయారుచేసి మన రీసెర్చికి పంపుతాండ్రు. ఉదయ్, జర పైలం."

మనోడెవడో పరాయోడెవడో మేడంకే తెలుస్తలేదు, సీసాకేం తెలుస్తది అనుకున్నాడు సారంగపాణి.

ఎనిమిదిన్నరకు పెట్టె వచ్చింది. సంతకం పెట్టాడు, కాగితం అంచు దాకా. అంతటితో ఊరుకుంటే పోయేది. ఉదయ్ రాకముందే ఆ ఘనమైన వస్తువును కళ్ళారా చూడాలనిపించింది. బ్లేడుతో టేపు కోశాడు. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకెట్లు, వాటి నడుమ చిటికెనవేలంత సీసా. వెలుతురుకు పెట్టి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకొని చూశాడు.

సీసాలో ఏమీ లేదు.

కొరియరాయనకు ఫోన్ కొట్టాడు. "సీసాల సరుకు లేదు బిడ్డా!"

"సీలు ఉండెనా కాకా?"

"ఉండె."

"మరి ఇప్పిందెవరు?"

సారంగపాణి ఫోన్ పెట్టేశాడు. సరుకు తెల్లటి పొడేమో, కింద రాలిందేమోనని పెట్టెను బోర్లించి దులిపాడు. అప్పుడే ఊడ్చే భద్రమ్మ చెత్త పారబోసి ఖాళీ బుట్టతో లోపలికి వచ్చింది.

"భద్రమ్మా, ఇక్కడేమన్న తెల్లటి పొడి ఊడ్చినవా?"

"ఊడ్చిన. రోజూ ఊడుస్తనే ఉన్న. సుద్దపొడి."

ఆయన గోడవతలి చెత్తకుప్ప దగ్గరికి పరుగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చొని పొడి ఏరుతుంటే స్టోరు కిషన్ రావు సార్ స్కూటరు ఆపాడు.

"ఏందయ్యా సారంగపాణి, పొద్దుపొద్దున చెత్త ఏరుతానవ్?"

"ఉంగరం పోయింది సార్."

"బంగారందా?"

ఔనన్నాడు. ఆ ఒక్క మాటతో కిషన్ రావు స్కూటరుకు స్టాండు వేశాడు. వాచ్‌మన్ వచ్చాడు. తోట పని చేసే కట్టయ్య పార తెచ్చాడు. భద్రమ్మ కొంగు నడుముకు చెక్కింది.

"ఊడ్చింది నేనే గదా, అంటే నేనే తీసిన్నంటవా అన్నా? నా సంచి దులుపుకోరి! అసలు ఈయన వేలికి ఉంగరం ఎన్నడన్న చూసినోళ్ళున్నరా?"

లేని ఉంగరం కోసం నలుగురూ కొట్లాడుకుంటుంటే సారంగపాణి మెల్లగా ల్యాబులోకి జారుకున్నాడు. ఏమీ లేని సీసా కంటే నీళ్ళున్న సీసా నయమనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, మామూలు నీళ్ళు చేతికి రాలేదు. మరగబెట్టి మూతేసిన శుద్ధమైన నీళ్ళ సీసానే తీశాడు. కడిగి ఆరబెట్టిన పిపెట్టుతో సీసాలో అర ఎమ్మెల్ పోశాడు. తొణకకుండా, తీర్థంలాగా, ఐసు మీద పెట్టి బయటపడ్డాడు.

ఇంతలో ఉదయ్ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. వెనకే మేడం. ఆమె సీసా ఎత్తి చూసింది, పిపెట్టు చూసింది, పెట్టెలోని కాగితం చదివింది. మొహం వెలిగిపోయింది. సారంగపాణి తలుపు చాటునుంచి వింటున్నాడు.

"శభాష్ ఉదయ్! కాగితంల రాసినట్టే కలిపినవ్. శుద్ధమైన నీళ్ళు, అర ఎమ్మెల్, ఊపకుండ, ఐసు మీద. ఎండబెట్టిన ప్రోటీను గాజుకు పొరలెక్క అంటుకొని ఉంటది, కంటికి కనపడదు. తెల్వనోళ్ళు ఖాళీ సీసా అనుకుంటరు."

"నేను కాదు మేడం. ఇప్పుడే వచ్చిన."

"గీ వినయమే నాకు నచ్చుతది."

నోరు మూసుకుంటే సారంగపాణికి గండం గడిచినట్టే. మూసుకున్నాడు కూడా. కాని మేడం ఇంకో మాట అంది. "ఇగ సంతకాలు గూడ నువ్వే పెట్టు ఉదయ్."

"నీళ్ళు పోసింది నేను మేడం!" తలుపు తోసుకొని వచ్చాడు సారంగపాణి.

"నువ్వా? ఎందుకు పోసినవ్?"

జవాబు కిషన్ రావు తెచ్చాడు, చేతిలో స్టోరు ఫోనుతో, చెప్పుల నిండా చెత్తతో. "మేడం, కొరియరాయన అడుగుతాండు. మనోళ్ళెవరో సీలు ఇప్పి, సరుకు లేదని ఫోన్ చేసిన్రట. ఇంతకూ ఆ ఉంగరం ఎన్ని గ్రాములు సారంగపాణీ?"

సాయంత్రం నాలుగింటికి, సీలు ఎందుకు విప్పావో సంజాయిషీ ఇమ్మంటూ సారంగపాణి పేర మెమో వచ్చింది. ఉదయ్ పట్టుకొచ్చాడు, జేబులో తాళంచెవులు గలగలమంటుంటే.

"ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టాలె కాకా."

పొద్దున అనుకున్నట్టే, ఆ రోజు సంతకాలన్నీ సారంగపాణే పెట్టాడు.